గొడవ లేని రోజుల వకీలు



ఎవరి జ్ఞాపకార్థం మనం ఇక్కడ కూడామో ఆయన దగ్గరే నేను జూనియరుగా పని నేర్చుకున్నాను. గవర్నర్‌పేటలో ఆయన ఆఫీసుకి కొత్తగా వచ్చిన కాంట్రాక్టరు కుర్చీలో కూర్చోగానే తనకి జరిగిన అన్యాయం చెప్పడం మొదలుపెట్టేవాడు. సీనియర్ గారు రెండు నిమిషాలు విని, "అగ్రిమెంటు తెచ్చారా?" అనేవారు. తేలేదంటే కాఫీ ఇప్పించి పంపించేవారు. వినే ఓపిక లేక కాదు. ముందు కాగితం చదివితే కథలో ఏ ముక్క పనికొస్తుందో, ఏది పనికిరాదో తెలుస్తుందని ఆయన లెక్క. ఆయన గురించి ఇంకా చెప్పగలవాళ్లు ఈ హాల్లో చాలామంది ఉన్నారు. నేను మాత్రం ఆయన ఎన్నోసార్లు చెప్పినా క్లయింట్లు అంతగా చెవిన పెట్టని ఒక సంగతిని తీసుకుంటాను. నిర్మాణ వ్యాపారం చేసేవాళ్లు నెలకో ఏడాదికో ఫీజు మాట్లాడుకుని ఒక లాయరుని రిటైనరు మీద పెట్టుకోవాలా? పెట్టుకుంటే ఆయన చేత ఏం పని చేయించుకోవాలి?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. రిటైనరు కింద ఇచ్చే డబ్బు కోర్టులో వాదన కోసం కాదు. వాదనకి ఆ రోజున ఎవరినైనా పెట్టుకోవచ్చు. హైకోర్టులో మంచి గొంతున్నవాళ్లకి కొదవ లేదు. ఈ డబ్బు గొడవ లేని రోజుల్లో రాయాల్సిన ఉత్తరాల కోసం, సంతకానికి ముందు చదవాల్సిన క్లాజుల కోసం. ఆ పని చేయించుకోనివాళ్లు ఎంత పేరున్న లాయరుని పెట్టుకున్నా ఆ ఫీజు దండగే.

మన దగ్గర బిల్డరుకి లాయరు రెండుసార్లు గుర్తొస్తాడు. స్థలం తీసుకునేటప్పుడు లీగల్ ఒపీనియన్ కోసం ఒకసారి, అవతలివాళ్ల దగ్గర్నుంచి నోటీసు వచ్చాక ఇంకోసారి. మొదటిసారి లింకు డాక్యుమెంట్లు, ఈసీ, 22-ఏ జాబితా, పక్కన చెరువుంటే ఎఫ్‌టీఎల్ హద్దు చూసి ఆయన ఒక కాగితం ఇస్తాడు. అది బ్యాంకు ఫైలులోకి వెళ్లిపోతుంది. తర్వాత రెండేళ్లో మూడేళ్లో సైటు నడుస్తుంది. ఆ రోజుల్లో ఇంజనీరు ఉంటాడు, ఆడిటరు ఉంటాడు, మేస్త్రీ ఉంటాడు, మునిసిపల్ ఆఫీసులో పనులు చక్కబెట్టే మనిషి కూడా ఉంటాడు. లాయరు మాత్రం ఉండడు. నేను చూసిన తగాదాల్లో డబ్బు చేజారింది మాత్రం ఎక్కువగా ఆ రోజుల్లోనే.

ఒక పాత కేసు చెబుతాను. నాగార్జునసాగర్ కాల్వ లైనింగు పనిది. అసోసియేటెడ్ ఇంజనీరింగ్ కంపెనీకీ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ మధ్య నడిచి 1991లో సుప్రీంకోర్టులో తేలింది. నాపరాళ్ల ధర పెరిగిందని, నీళ్లు అనుకున్నదానికంటే దూరం నుంచి తోలాల్సి వచ్చిందని, కాల్వ వాలు మార్చడంతో గట్టు మీద దారి ఇరుకై ఖర్చు పెరిగిందని కాంట్రాక్టరు అడిగాడు. ఆర్బిట్రేషన్‌లో అంపైరు ఇచ్చారు. సుప్రీంకోర్టు ఆ పద్దులు కొట్టేసింది. పని జరగలేదని కాదు, ఖర్చు కాలేదనీ కాదు. ఒప్పందంలో వాటికి చోటు లేదు, ఒప్పందం గీత దాటి ఇచ్చే అధికారం అంపైరుకి లేదు అని. నాపరాయి ధర పెరిగితే ఎవరు భరించాలన్నది టెండరు వేసిన రోజునే రాసి ఉంది. ఆ రోజు దాన్ని చదవాల్సిన కంటితో ఎవరైనా చదివారా అన్నదే నా ప్రశ్న.

ప్రభుత్వ పనులు చేసే మన కాంట్రాక్టర్లకి ఏపీ డీటెయిల్డ్ స్టాండర్డ్ స్పెసిఫికేషన్లు కొత్త కాదు. అందులో 59వ క్లాజు ఉంది. పనికి ఏ కారణంగా ఆటంకం వచ్చినా, ఆలస్యమైనా, ఆ క్లాజులోనే చెప్పిన మేరకు తప్ప పరిహారం అడగడానికి వీల్లేదంటుంది. ఆ క్లాజు మీద మన కాంట్రాక్టర్లు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. ఓడి వచ్చారు కూడా. చాలా ఒప్పందాల్లో ఇంకో మాట ఉంటుంది: రూ.50,000 దాటిన క్లెయిములు ఆర్బిట్రేషన్‌కి కాదు, సివిల్ కోర్టుకే వెళ్లాలని. ఈ రెండు వాక్యాలూ తెలిసి రేటు వేసినవాడికీ, తెలియక వేసినవాడికీ మధ్య తేడా ఆ పని మీద వచ్చే లాభమంత ఉండొచ్చు. టెండరు రాకముందు లాయరుతో కూర్చునే గంటకి విలువ అక్కడుంది. ప్రీ-బిడ్ మీటింగులో ప్రశ్న అడగొచ్చు. క్లాజు మార్చకపోతే, ఆ భారం మన నెత్తినే ఉందని తెలిసి రేటులో కలుపుకోవచ్చు. అదీ కుదరకపోతే టెండరు మానుకోవచ్చు. మానుకోమని చెప్పిన లాయరుకి ఆ నెల ఫీజు ఇవ్వడం చాలామందికి కష్టంగా ఉంటుంది. నన్నడిగితే ఆ నెలే ఆయనకి ఎక్కువ ఇవ్వాలి.

ఇక సైటు సంగతి. ఒక హాస్టలు భవనం పని అనుకుందాం. గడువు 12 నెలలు. స్థలంలో పాత షెడ్లున్నాయి. అవి తీయించి అప్పగించాల్సింది డిపార్ట్‌మెంటు. ఒప్పందం మీద సంతకాలయ్యాక మొదట సగం స్థలమే ఇచ్చారు. మిగతా సగం నాలుగు నెలల తర్వాత ఇచ్చారు. అప్పటికే సెంట్రింగు మనుషులు వచ్చి కూర్చున్నారు, మిక్సరు అద్దె నడుస్తోంది, ఇనుము రేటు మారింది. కాంట్రాక్టరు నవ్వుతూ మిగతా సగం తీసుకుని పని కానిచ్చాడు. మూడేళ్ల తర్వాత నష్టం లెక్కగట్టి అడుగుతాడు. కాంట్రాక్టు చట్టం, 1872, 55వ సెక్షన్ చివరి పేరా తీసి చూడండి. గడువు దాటి జరిగినదాన్ని ఒప్పుకుని తీసుకున్నవాడు, తీసుకునే సమయంలోనే నష్టం అడుగుతానని తెలియజేయకపోతే తర్వాత అడగలేడు. తీసుకునే సమయంలోనే! స్థలం ఆలస్యంగా అప్పగించిన కేసుల్లో అవతలి లాయరు మొదట తెరిచేది ఈ పేజీనే.

మరి ఉత్తరం ఎందుకు రాయలేదంటే చట్టం తెలియక మాత్రమే కాదు. ఈఈ గారికి కోపం వస్తుందని. కొలతలు రాసేది ఆ ఆఫీసు, ఎం-బుక్కు ఉండేది అక్కడ, రన్నింగ్ బిల్లు కదలాల్సింది ఆ టేబులు మీద నుంచే. "రేపు మళ్లీ ఆయన మొహమే చూడాలండీ" అంటాడు కాంట్రాక్టరు. ఇది పిరికితనం అని కొట్టిపారేసే లాయర్లున్నారు. వాళ్లు సైటు చూసి ఉండరు. ఆ భయానికి కారణం ఉంది. గడువు పొడిగింపు అడిగితే, "పొడిగించిన కాలానికి అదనంగా ఏమీ కోరను" అని రాసిచ్చిన కాగితం జతచేయమంటారు. రాసివ్వకపోతే పొడిగింపు రాదు, పొడిగింపు లేకపోతే బిల్లు రాదు, బిల్లు రాకపోతే శనివారం కూలీ డబ్బులు రావు. నెలనెలా ఫీజు తీసుకునే లాయరు విలువ తేలేది ఈ ఇరుకులోనే. కోర్టుకెక్కాక వచ్చే లాయరుకి ఈ ఇరుకు కనిపించదు, సంతకం పెట్టిన కాగితమే కనిపిస్తుంది.

మంచి రిటైనర్ లాయరు ఉత్తరం లాయరు ఉత్తరంలా ఉండదు. మీ లెటర్‌హెడ్ మీద, మీ సంతకంతో, మీ సైటు ఇంజనీరు రాసినట్టే వెళ్తుంది. అందులో "చట్టరీత్యా చర్య తీసుకోబడును" లాంటి మాటలుండవు. ఫలానా తేదీకి స్థలం మొత్తం అప్పగించాల్సి ఉంది, ఇవాళ్టికి ఉత్తరం వైపు భాగమే మా చేతికి వచ్చింది, ఇంతమంది మనుషులు, ఈ మిషన్లు ఖాళీగా ఉన్నాయి, మిగతాది ఇచ్చేదాకా మాకయ్యే ఖర్చు కోరే హక్కు ఉంచుకుంటూ పని కొనసాగిస్తున్నాం. ఇంతే. నాలుగు వాక్యాలు. పని ఆపుతామన్న బెదిరింపు లేదు, ఎవరి మీదా నింద లేదు. ఇలాంటి ఉత్తరానికి నొచ్చుకునే ఇంజనీరు అరుదు, ఎందుకంటే రేపు ఆడిట్ అభ్యంతరం వస్తే ఆయనకీ ఈ కాగితమే అక్కరకొస్తుంది. ఆయన కూడా పై ఆఫీసుకి జవాబు చెప్పుకోవాల్సినవాడే. ఈ సంగతి గ్రహించిన లాయరు ఉత్తరంలో ఆయనకి కూడా చోటు ఉంచుతాడు. షెడ్లు తీయించాల్సిన శాఖ వేరైతే, ఆలస్యం ఆ శాఖదని అందులోనే రాస్తాడు.

ఇక్కడున్న ఇంజనీర్లకి తేలిగ్గా అర్థమయ్యే పోలిక ఒకటుంది. స్లాబు పోసిన రోజే క్యూబులు తీస్తారు. 28 రోజుల తర్వాత వాటిని నలగ్గొట్టి బలం చూస్తారు. పోసిన రోజు క్యూబు తీయకుండా రెండో ఏడు వచ్చి తీస్తామంటే ల్యాబువాడు నవ్వుతాడు. ఉత్తరమూ అంతే. సైటు డైరీ, అడ్డంకుల రిజిస్టరు, తేదీ కనిపించే ఫొటో, వచ్చిన డ్రాయింగు మీద అందిన తేదీ ముద్ర, ఇవన్నీ ఆ రోజున తీయాల్సిన క్యూబులే. ఇప్పుడు సగం ఆదేశాలు వాట్సాప్‌లో వస్తున్నాయి. "ఆ బీము డెప్త్ పెంచండి" అని రాత్రి తొమ్మిదింటికి మెసేజి వస్తుంది, పొద్దున్నే పెంచేస్తారు. ఆ సాయంత్రం, "మీరు చెప్పిన ప్రకారం పెంచాం, ఇది అదనపు పని కింద కొలవగలరు" అని ఒక ఈమెయిల్ వెళ్లాలి. ఫోను మార్చేటప్పుడు ఆ మెసేజీలు పోకుండా దాచాలి. కోర్టులో వాటిని పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్టు కూడా కావాలి. ఉచితంగా చేయాలని కాక చేసిన పనికి అవతలివాడు లాభం పొందితే డబ్బివ్వాలని కాంట్రాక్టు చట్టం 70వ సెక్షన్ చెబుతుంది, నిజమే. కానీ ఏం చేశారో రుజువు చేసుకోవాల్సింది మీరే.

విదేశీ నిధులతో నడిచే పెద్ద పనుల్లో ఫిడిక్ షరతులుంటాయి. క్లెయిము సంగతి 28 రోజుల్లో నోటీసుగా ఇవ్వకపోతే హక్కు పోతుందని వాటిలో ఉంటుంది. ఇలా హక్కునే తుడిచేసే షరతులు చెల్లవని కాంట్రాక్టు చట్టం 28వ సెక్షన్ 1997 నుంచి చెబుతోంది. కాబట్టి వాదన ఉంది. వాదన ఉంది కదా అని 28 రోజులు దాటనిచ్చే లాయరు నాకు నచ్చడు.

గడువుల్లోకెల్లా మనవాళ్లని ముంచేది లిమిటేషన్. చెల్లింపుకి తేదీ పెట్టుకోని పని విషయంలో డబ్బు అడగడానికి మూడేళ్లు. ఆ మూడేళ్లు పని పూర్తయిన రోజు నుంచి నడుస్తాయి. బిల్లు పాసైన రోజు నుంచి కాదు, "బడ్జెట్ రాగానే చూస్తాం" అన్న రోజు నుంచీ కాదు. కాంట్రాక్టరు ఏటా రెండు రిమైండర్లు రాస్తూ తన హక్కు బతికే ఉందనుకుంటాడు. మనం రాసిన ఉత్తరాలతో గడువు పెరగదని జియో మిల్లర్ కేసులో సుప్రీంకోర్టు 2019లో మళ్లీ చెప్పింది. గడువు కొత్తగా మొదలవ్వాలంటే అవతలివాళ్లు, మూడేళ్లు నిండకముందే, బాకీ ఉందని సంతకం పెట్టి ఒప్పుకోవాలి, లేదా కొంత చెల్లించి ఆ చెల్లింపుకి సంతకమున్న కాగితం ఉండాలి. అందుకే రిటైనర్ లాయరు దగ్గర మీ పనులన్నిటికీ ఒక పట్టిక ఉండాలి: ఏ పని ఎప్పుడు పూర్తయింది, ఎంత రావాలి, మూడేళ్లు ఎప్పుడు నిండుతాయి, ఆలోగా బాకీ ఒప్పుకుంటూ వచ్చిన కాగితం ఏదైనా ఉందా. ఏడాదికొకసారి, మార్చిలో ఆడిటరు కూర్చునే రోజుల్లోనే ఆయన్నీ కూర్చోబెట్టండి. ఆడిటరు "రావాల్సిన బాకీలు" అని రాసే వరసలో ఎన్ని చట్టరీత్యా ఇంకా రాబట్టుకోగలమో లాయరు చెప్పాలి. ఈ ఒక్క పట్టిక కోసమైనా రిటైనరు పెట్టుకోవచ్చని నా ఉద్దేశం.

కాగితం అవసరం ఇప్పుడు ఇంకా పెరిగింది. 2015 నాటి కమర్షియల్ కోర్టుల చట్టం నిర్మాణ, మౌలిక వసతుల ఒప్పందాలని, టెండర్లని తన పరిధిలోకి తెచ్చుకుంది. తక్షణ ఉత్తర్వులు అక్కర్లేని దావాకి ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లి తీరాలి. దావాతో పాటే మీ దగ్గరున్న పత్రాలన్నీ దాఖలు చేయాలి; తర్వాత దొరికిందంటూ తేవాలంటే కారణం చెప్పి అనుమతి తెచ్చుకోవాలి. ప్రతివాదికి జవాబు వేయడానికి 120 రోజులే, ఆ తర్వాత తలుపు మూసేస్తారు. ఒకప్పటిలా దావా పడేసి, వాయిదాల మీద ఫైలు పోగుచేసుకునే రోజులు పోయాయి. ఆర్బిట్రేషనూ మారింది. ప్రభుత్వ సంస్థ తానొక్కతే ఆర్బిట్రేటరుని ఎంచుకునే క్లాజు చెల్లదని 2024 నవంబరులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. అదే ఏడాది జూన్‌లో కేంద్ర ఆర్థిక శాఖ, కేంద్ర ప్రభుత్వ కొనుగోళ్లలో ఆర్బిట్రేషన్ క్లాజు అలవాటుగా పెట్టొద్దని, పెట్టినా రూ.10 కోట్ల లోపు తగాదాలకే పరిమితం చేయొచ్చని మార్గదర్శకాలిచ్చింది. అంటే మీ చేతిలో ఉన్న పాత ఒప్పందానికీ, రేపు పెట్టబోయే కొత్త సంతకానికీ తగాదా వెళ్లే దారులే వేరు. ఏ ఒప్పందం ఏ దారిన పోతుందో మీ సైటు మేనేజరుకి తెలియాల్సిన పని లేదు. మీ లాయరుకి తెలియాలి.

అపార్టుమెంట్లు కట్టేవాళ్ల సంగతి వేరుగా చెప్పాలి. వాళ్లకి ఎదుటిపక్షం ఒక ఆఫీసు కాదు, వంద కుటుంబాలు. 2016 రెరా చట్టం 12వ సెక్షన్ ప్రకారం బ్రోషరులో, ప్రకటనలో చెప్పినదాన్ని నమ్మి డబ్బు కట్టినవాడు అది నిజం కాకపోతే పరిహారం అడగొచ్చు. కాబట్టి లాయరు చదవాల్సిన మొదటి కాగితం సేల్ అగ్రిమెంటు కాదు, బ్రోషరు. క్లబ్‌హౌస్ బొమ్మ కింద ఏం రాశారో, "ఐదు నిమిషాల్లో ఔటర్" అని ఎవరు రాయించారో ఆయన అచ్చుకి ముందే చూడాలి. అగ్రిమెంటు రిజిస్టరు చేయకుండా 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. కొనుగోలుదారుల డబ్బులో 70 శాతం విడి ఖాతాలో ఉండాలి. అనుమతి పొందిన ప్లాను మార్చి ఇంకో బ్లాకు లేపాలంటే ఫ్లాట్లు తీసుకున్నవాళ్లలో మూడింట రెండొంతుల మంది రాతపూర్వక ఒప్పుదల కావాలి. అప్పగించాక ఐదేళ్లదాకా నిర్మాణ లోపాల బాధ్యత మీదే. ఈ మాటలన్నీ బిల్డర్లకి నోటికొచ్చు. ప్రీ-లాంచ్ పేరుతో డబ్బు తీసుకునే సాయంత్రం మాత్రం గుర్తుండవు. ఆ సాయంత్రం "వద్దండీ" అని చెప్పడానికి ఆఫీసులో ఒకరుండాలి. మార్కెటింగ్ మేనేజరు చెప్పడు.

డెవలప్‌మెంట్ అగ్రిమెంటుల దగ్గర ఒక చెడ్డ అలవాటుంది. స్థలం యజమానికీ బిల్డరుకీ ఒకే లాయరు, ఖర్చు కలిసొస్తుందని. రాయించుకున్న రోజున అందరూ బంధువులే. ఎవరి వాటా ఫ్లాట్లు ఏ అంతస్తులో, ఆలస్యమైతే యజమానికి అద్దె ఎవరివ్వాలి, కార్పొరేషనుకి తనఖా పెట్టిన 10 శాతం కట్టడం ఎవరి వాటాలోది అన్న దగ్గర ఆ చుట్టరికం తెగుతుంది. ఒక పక్షానికి సలహా ఇచ్చిన విషయంలో అవతలి పక్షం తరఫున నిలబడకూడదని బార్ కౌన్సిల్ నియమం. అప్పుడు ఆ లాయరు ఎవరికీ మిగలడు. రిటైనర్ లాయరున్న బిల్డరు, యజమానిని ఇంకో లాయరుని పెట్టుకోమని తానే చెప్పాలి. ఆ ఖర్చు తానే భరించినా నష్టం లేదు.

సైటులో ప్రమాదం జరిగి మనిషి పోయిన రాత్రి గురించి ఒక్క మాటే చెబుతాను. లాయరుకి అర్ధరాత్రి ఫోను చేయడానికి న్యాయమైన కారణం అదొక్కటే. ఆ రాత్రి ఆయన పని ఎవరినీ తప్పించడం కాదు. కుటుంబానికి ఆసరా అందేలా, స్టేషన్లో ఎవరూ ఊహించి మాట్లాడకుండా, సైటులో ఏదీ కదపకుండా చూడటం.

ఇప్పుడు రిటైనరు ఎలా ఉండాలన్న విషయం. మొదటిది, నెల జీతం మీద పూర్తికాలం ఉద్యోగిగా పెట్టుకుంటే ఆయన కోర్టులో ప్రాక్టీసు చేయడానికి బార్ కౌన్సిల్ నియమాలు ఒప్పుకోవు. అలా ఉద్యోగంలో ఉన్న లాయరుతో మీరు మాట్లాడుకున్నదానికి, బయటి లాయరుతో మాటలకి భారతీయ సాక్ష్య అధినియమ్ 132వ సెక్షన్ ఇచ్చే రక్షణ ఉండదని 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి "మా కంపెనీలోనే లా చదివిన కుర్రాడున్నాడు" అనే ధీమా సగమే పనికొస్తుంది. రెండోది, "వచ్చినదాంట్లో మీకింత శాతం" అనే బేరం. అది నియమాలకి విరుద్ధం. మన తెలంగాణ నుంచే వెళ్లిన ఒక కేసులో అలాంటి శాతం ఫీజు ప్రజా విధానానికి విరుద్ధమని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. శాతం మాట్లాడుకున్న లాయరు ఉత్తరాలు రాయడు, గొడవ పండేదాకా ఆగుతాడు. అది ఆ బేరంలోనే ఉన్న గుణం. మూడోది, ఫీజు బాకీ ఉందని మీ ఫైళ్లు పట్టుకునే హక్కు లాయరుకి లేదని 2000లోనే సుప్రీంకోర్టు అంది. అయినా ఫైళ్ల కోసం తిరిగే క్లయింట్లని చూస్తూనే ఉన్నాం. నాలుగోది, లాయరు సేవ సరిగా లేదని వినియోగదారుల ఫోరానికి వెళ్లడానికి 2024 మే నుంచి దారి లేదు.

ఇవన్నీ కలిపి చూస్తే, రిటైనరు కూడా ఒక కాంట్రాక్టే, అది కూడా కాగితం మీద ఉండాలి. లాయర్లకి ఈ మాట నచ్చదు. మాటమీద నడిచే సంబంధం అంటారు. ఆ రెండు పేజీల ఉత్తరంలో నెలకి ఇచ్చేది దేనికో ఉండాలి: ఇన్ని ఒప్పందాలు చదవడం, ఇన్ని ఉత్తరాలు, నెలకో మూడు నెలలకో ఒకసారి సైటుకి రావడం. కోర్టు, ఆర్బిట్రేషన్ ఫీజు వేరని ఉండాలి. లేకపోతే రెండు పక్కలా అపార్థం. మీ వైపు నుంచి ఎవరు ఫోను చేయొచ్చో ఒకరి పేరుండాలి. తమ్ముడొకటి, అన్న ఒకటి, మేనేజరు ఇంకొకటి అడిగితే ఏ లాయరూ బతకలేడు. కాగితం పంపితే ఎన్ని రోజుల్లో జవాబు వస్తుందో ఉండాలి. మానుకున్నప్పుడు ఫైళ్లు ఎన్నాళ్లలో తిరిగిస్తారో ఉండాలి. ఆయన ఇప్పటికే ఏ ప్రభుత్వ సంస్థకి, ఏ పోటీ కంపెనీకి పనిచేస్తున్నారో ముందే చెప్పి ఉండాలి.

బారు మిత్రులకి కూడా ఒకటి రెండు మాటలు. బిల్ ఆఫ్ క్వాంటిటీస్ చదవడం రాని లాయరు ఈ పనికి దిగకూడదు. ఎర్త్‌వర్క్‌లో లీడు, లిఫ్టు అంటే ఏమిటో, షట్టరింగు ఎప్పుడు తీస్తారో తెలియకపోతే ఉత్తరం ఎలా రాస్తారు? ఇంకొకటి, నెలనెలా చెక్కు వచ్చే చోట నాలుక మెత్తబడుతుంది. యజమానికి ఇష్టమైన అభిప్రాయమే చెప్పాలనిపిస్తుంది. దీనికి నాకు తెలిసిన మందు, ఒక్క క్లయింటు రిటైనరు మీదే ఆఫీసు అద్దె ఆధారపడకుండా చూసుకోవడం. ఇంకా, సైటు మీటింగుల్లో మీరు కూర్చుని, బేరాల్లో మీరు మాట్లాడి ఉంటే రేపు ఆ సంగతులకి మీరే సాక్షి కావచ్చు. సాక్షి అయ్యే అవకాశమున్న కేసులో వాదించకూడదన్న నియమం ఉంది కదా. అందుకే ఉత్తరాలు రాసిన లాయరు తగాదా వచ్చాక ఫైలు సర్ది వేరొకరి చేతికివ్వడమే మంచిది. సీనియర్ గారు చాలా కేసుల్లో అదే చేశారు. ఆయన పేరు లా రిపోర్టుల్లో అంతగా కనిపించకపోవడానికి అదొక కారణం.

అందరికీ రిటైనరు అక్కర్లేదు. ఏడాదికి రెండు ఇళ్లు కట్టే మేస్త్రీ-కాంట్రాక్టరుకి నెలవారీ ఫీజు భారం. ఒప్పందం రాసేటప్పుడు ఒకసారి, సగం పనిలో ఒకసారి, ఫైనల్ బిల్లప్పుడు ఒకసారి, పనికింత అని మాట్లాడుకుంటే చాలు. ఇచ్చిన చెక్కు తిరిగొస్తే ఆ సంగతి తెలిసిన 30 రోజుల్లో నోటీసు వెళ్లాలన్నది గోడ మీద రాసుకుంటే ఇంకా మంచిది. అసోసియేషన్లు కలిసి ఒక లాయరుని పెట్టుకోవచ్చా అని కొందరు అడుగుతున్నారు. టెండరు షరతుల మీద, జీవోల మీద అందరికీ పనికొచ్చే సలహా కోసమైతే తప్పకుండా. సభ్యుల మధ్య తగాదాలకి మాత్రం ఆయన దగ్గరికి పోకూడదు.

చివరగా ఫైనల్ బిల్లు. ఎన్నాళ్లు ఉత్తరాలు రాసినా ఆ ఒక్క రోజు అన్నీ చెరిపేసుకునేవాళ్లున్నారు. చెక్కు సిద్ధంగా ఉంటుంది. "పూర్తి చెల్లింపు అందింది, ఇక ఏ క్లెయిమూ లేదు" అనే కాగితం మీద సంతకం పెడితే ఇస్తారు. ఒత్తిడితో తీసుకున్న అలాంటి సంతకం అడ్డు కాదని 2008 బొఘారా పాలీఫ్యాబ్ తీర్పు దారి చూపింది. కానీ ఒత్తిడి జరిగిందని ఊరికే అంటే చాలదు, చూపించాలి. అందుకని ఫైనల్ బిల్లు తేదీ తెలియగానే లాయరుకి చెప్పండి. సంతకం పెట్టక తప్పకపోతే, ఏ పద్దులు మిగిలున్నాయో, ఏ పరిస్థితిలో సంతకం చేయాల్సి వచ్చిందో చెప్పే ఉత్తరం ముందే తయారుచేసి ఉంచుతాడు. అది అదే రోజు టపాల్లో ఇచ్చి, మీ కాపీ మీద అందినట్టు ముద్ర వేయించుకోండి. నెల తర్వాత ఇచ్చిన ఉత్తరాన్ని, డబ్బు చేతికొచ్చాక అల్లిన కథ అంటారు అవతలి లాయర్లు. ఆ మాట నేనూ అవతలి పక్షాన నిలబడ్డప్పుడు అన్నాను, కోర్టు ఒప్పుకుంది కూడా.